పైలట్ వాచీ మొరాయిస్తే: వెనక మూత తెరవకముందే తేల్చుకోవాల్సినవి

లక్షలు పోసి కొన్న వాచీ నిన్నటిదాకా బాగానే నడిచి, ఇవాళ పొద్దున చూస్తే మూడు నిమిషాలు ముందుందంటే ఎవరికైనా కంగారే. చాలాసార్లు లోపల విరిగిందేమీ ఉండదు. బ్రైట్‌లింగ్ నావిటైమర్, ఐడబ్ల్యూసీ మార్క్ సిరీస్, బిగ్ పైలట్, రోలెక్స్ జీఎంటీ-మాస్టర్, వాల్జూ 7750 మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం) పెట్టుకున్న రకరకాల క్రోనోగ్రాఫులు (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీలు)... ఏదైనా సరే, మూత తెరవకముందే తెలిసిపోయే సంగతులు బోలెడు.

మొదట తేల్చుకోవాల్సింది తేడా ఎప్పటినుంచన్నది. రాత్రికి రాత్రి వేగం పెరిగితే అయస్కాంతాన్ని అనుమానించాలి. కిందపడ్డ రోజు నుంచి ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోతుంటే దెబ్బ తగిలినట్టు. నెలల తరబడి కొద్దికొద్దిగా వెనకబడుతూ, ఇచ్చిన కీ మునుపటంత సేపు నిలవకపోతే నూనె ఎండింది.

అసలు తేడా ఉందా లేదా అన్నది కూడా కొలిచే చెప్పాలి. ఒక్క రోజు లెక్క పనికిరాదు. ఫోన్ టైముతో సరిపెట్టి, వారం పాటు రోజూ ఒకే వేళకు ఎన్ని సెకన్ల తేడా వచ్చిందో రాసుకుని సగటు తియ్యండి. సీఓఎస్‌సీ (వాచీల కచ్చితత్వాన్ని పరీక్షించే స్విస్ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న మూవ్‌మెంటుకు రోజుకు సగటున -4 నుంచి +6 సెకన్ల దాకా అనుమతి ఉంది. ఆ పరీక్ష 15 రోజులు, 5 భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతల్లో జరుగుతుంది. రోజుకు 5 సెకన్లు ముందుకు పోయే వాచీని రిపేరుకు పట్టుకెళితే నవ్వి పంపిస్తారు. ఆ మాత్రం తేడా ఇంట్లోనే సర్దుకోవచ్చు: రాత్రి పడుకునేటప్పుడు డయల్ పైకి పెట్టి ఒక వారం, క్రౌన్ (పక్కనుండే కీ బొడిపె) పైకి పెట్టి ఒక వారం, క్రౌన్ కిందికి పెట్టి ఒక వారం చూడండి. వీటిలో ఏదో ఒక భంగిమ పగటి తేడాను చాలావరకు కోసేస్తుంది.

ఉన్నట్టుండి వేగం పెరిగింది, రోజుకు నిమిషాల లెక్కన

కారణం: హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్ అనే చక్రాన్ని అటూ ఇటూ ఊపే సన్నటి స్ప్రింగ్) చుట్లకు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. స్ప్రింగ్ పొట్టిదైనట్టు పనిచేస్తుంది, బ్యాలెన్స్ త్వరత్వరగా ఊగుతుంది. బ్లూటూత్ స్పీకరు, అయస్కాంతంతో అతుక్కునే ఫోన్ కవరు, ట్యాబ్లెట్ మూత, హ్యాండ్‌బ్యాగు బటను, అన్నీ అనుమానితులే. విమానం నడిపేవాళ్లయితే హెడ్‌సెట్‌ను మర్చిపోవద్దు. దాని ఇయర్‌కప్పుల్లో ఉన్నవి స్పీకర్లే, స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. విప్పిన వాచీని హెడ్‌సెట్ సంచీలోనే పడేసే అలవాటుంటే నేరస్థుడు దొరికినట్టే.

నిర్ధారణకు మామూలు దిక్సూచి ఒకటి చాలు. ఇనుప బల్ల మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టండి. ముల్లు కుదురుకున్నాక వాచీని పక్కనుంచి మెల్లగా దగ్గరికి తెచ్చి, అక్కడే ఉంచి గుండ్రంగా తిప్పండి. మామూలు ఉక్కు అయితే దిక్సూచి ముల్లు రెండు కొనల్నీ ఒకేలా, కొద్దిగా లాగుతుంది. అయస్కాంతం పట్టిన వాచీ ఒక కొనను లాగి రెండోదాన్ని నెడుతుంది కాబట్టి, మీరు వాచీ తిప్పుతుంటే ముల్లు కూడా దాని వెంట అటూ ఇటూ ఊగుతుంది. ఈ తేడా చూడకుండా ముల్లు కదిలింది కదా అని తీర్పిస్తే ప్రతి వాచీకీ అయస్కాంతం పట్టినట్టే కనిపిస్తుంది.

పరిష్కారం డీమాగ్నెటైజర్, అంటే అయస్కాంతాన్ని వదిలించే పరికరం. చిన్న నీలం డబ్బా రకానికి పద్ధతి ఇది:

1. వాచీని డబ్బాకు మూరెడు దూరంలో పట్టుకుని బటన్ నొక్కండి.
2. నొక్కి ఉంచే వాచీని డబ్బా పైకి తీసుకురండి.
3. అయిదారు సెకన్ల వ్యవధిలో నెమ్మదిగా అర మీటరు పైకి, నిటారుగా లాగండి.
4. అంత దూరం వెళ్లాకే బటన్ వదలండి.
5. దిక్సూచితో మళ్లీ చూడండి. తగ్గకపోతే వాచీని నిలువుగా తిప్పి ఇంకోసారి చెయ్యండి. ఆ డబ్బా త్వరగా వేడెక్కుతుంది, మధ్యలో చల్లారనివ్వండి.

వాచీ డబ్బా మీదుండగానే బటన్ వదిలితే ఉన్న అయస్కాంతం పోకపోగా కొత్తది పడుతుంది. ఇంట్లో చేసేవాళ్లలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

పైలట్ వాచీలకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటి ఉంది. 1948లో బ్రిటిష్ వైమానిక దళం కోసం ఐడబ్ల్యూసీ చేసిన మార్క్ 11 నుంచి ఇప్పటిదాకా చాలా పైలట్ వాచీల్లో మూవ్‌మెంటు చుట్టూ మెత్తటి ఇనుప తొడుగు ఉంటుంది. బయటి అయస్కాంత క్షేత్రం ఆ తొడుగు గుండా పక్కకు వెళ్లిపోతుంది, మూవ్‌మెంటును తాకదు. కానీ ఆ తొడుగు డీమాగ్నెటైజర్ క్షేత్రాన్ని కూడా అలాగే అడ్డుకుంటుంది. అందుకే బలమైన అయస్కాంతం ఏదో లోపలిదాకా పట్టేస్తే చవక డబ్బాతో అది వదలదు. మూడుసార్లు చేసినా తగ్గకపోతే ఆపెయ్యండి. సర్వీస్ సెంటర్లో తొడుగు విప్పి మూవ్‌మెంటుకు నేరుగా చెయ్యాలి.

రాత్రి తీసి పెడితే పొద్దున ఆగిపోయి ఉంటోంది

ముందు కీ సంగతి చూడండి. రోజంతా కీబోర్డు ముందు కూర్చునేవాళ్ల చెయ్యి కదిలేది తక్కువ, ఆ కదలికతో కీ ఇచ్చే రోటర్ తిరిగేదీ తక్కువే. స్క్రూ క్రౌన్ (మర తిప్పి బిగించే రకం) అయితే అపసవ్యంగా విప్పి, అది బయటికి లేచాక సవ్యదిశలో 30 నుంచి 40 చుట్లు తిప్పండి. ఆటోమేటిక్‌లో స్ప్రింగ్ నిండాక లోపల జారుతుంది కాబట్టి ఎక్కువైపోతుందన్న భయం అక్కర్లేదు. చేత్తో కీ ఇచ్చే రకంలో మాత్రం గట్టిగా ఆగిన చోట ఆపాలి.

నిండా కీ ఇచ్చి, వాచీని బల్ల మీద పెట్టి, ఆగేదాకా గంటలు లెక్కపెట్టండి. 7750 రకాలు దాదాపు రెండు రోజులు, బ్రైట్‌లింగ్ బీ01, రోలెక్స్ 3285 మూవ్‌మెంట్లు 70 గంటలు, మార్క్ 20 అయిదు రోజులు, 46 మి.మీ. బిగ్ పైలట్ ఏడు రోజులు నడవాలి. లెక్క దగ్గరగా వస్తే వాచీకి ఏ లోపమూ లేదు, మీరు ఎక్కువగా నడవాలి లేదా వారానికి రెండుసార్లు చేత్తో కీ ఇవ్వాలి. బల్ల మీద పూర్తిగా నడిచి, రోజంతా పెట్టుకుని తిరిగినా ఆగిపోతుంటే లోపం రోటర్ వైపు గేర్లలో ఉంది. బల్ల మీదే ముందుగా ఆగిపోతే మెయిన్‌స్ప్రింగ్ (కీ నిల్వ ఉండే ప్రధాన స్ప్రింగ్) లేదా నూనె.

రోటర్ చప్పుడు గురించి భయపడేవాళ్లు ఎక్కువ. 7750 రోటర్ ఒక దిక్కున తిరిగినప్పుడే కీ ఇస్తుంది, రెండో దిక్కున ఉత్తినే గిర్రున తిరుగుతుంది. చెయ్యి విదిలిస్తే లోపల ఏదో బొంగరం తిరిగినట్టు మణికట్టుకు తెలుస్తుంది. అది దాని స్వభావం. అదే ఈటీఏ 2824 లాంటి రెండు దిక్కులా కీ ఇచ్చే మూవ్‌మెంటులో, క్రౌన్‌తో కీ ఇస్తుంటే రోటర్ కూడా ఫ్యానులా తిరిగిందంటే రివర్సర్ చక్రాల్లో (రోటర్ ఎటు తిరిగినా కీని ఒకే దిక్కుకు మళ్లించేవి) మురికి చేరింది. వెంటనే చేత్తో కీ ఇవ్వడం మానెయ్యండి. లేకపోతే పళ్లు అరుగుతాయి. ఆ చక్రాల్ని కడిగి, ల్యూబెటా వీ105 లాంటి పలచటి ద్రవంలో ముంచి ఆరబెడితే సరిపోతుంది. మామూలు నూనె చుక్క వేస్తే జిగురెక్కి మళ్లీ మొదటికొస్తుంది.

మెల్లమెల్లగా వెనకబడుతోంది

ఇది టైమ్‌గ్రాఫర్‌తో తేలే సంగతి. మైకు మీద వాచీ పెడితే టిక్కుల్ని విని మూడు అంకెలు చూపిస్తుంది: రోజుకు ఎన్ని సెకన్ల తేడా, బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోంది, అటు ఊపుకీ ఇటు ఊపుకీ మధ్య తేడా ఎన్ని మిల్లీసెకన్లు. నిండా కీ ఉండి డయల్ పైకి ఉంటే ఊపు 270 నుంచి 310 డిగ్రీలు ఉండాలి. నిలువు భంగిమల్లో కొంత తగ్గడం సహజం. 24 గంటల తర్వాత నిలువులో 200 కిందికి పోతే సర్వీసు వేళైంది. అటూఇటూ తేడా 0.5 మిల్లీసెకన్ల లోపు ఉంటే బాగున్నట్టు. కిందపడ్డ తర్వాత అది హఠాత్తుగా పెరిగితే దెబ్బ బ్యాలెన్స్ వైపు తగిలింది.

మిషను తెచ్చుకుని సొంతంగా కొలిచేవాళ్లు లిఫ్ట్ యాంగిల్ (ఊపును లెక్కకట్టడానికి మిషనుకు ఇవ్వాల్సిన, మూవ్‌మెంటును బట్టి మారే కోణం) సరిచెయ్యడం మర్చిపోతారు. మిషన్లు 52 డిగ్రీలతో వస్తాయి. 7750కి 49, 2824కి 50, 2892కి 51 పెట్టాలి. 7750 అసలు ఊపు 280 అనుకోండి. 52 అలాగే ఉంచేస్తే దాదాపు 297 చూపిస్తుంది, నీరసంగా ఉన్న వాచీ కూడా దిట్టంగా కనిపిస్తుంది. క్రోనోగ్రాఫ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి కొలవండి. 7750లో క్రోనో నడుస్తుంటే ఊపు కొంత పడిపోతుంది. బీ01 లాంటి నిలువు క్లచ్ (స్టాప్‌వాచ్‌ను పైనుంచి కలిపే అమరిక) ఉన్నవాటిలో ఆ పడడం చాలా తక్కువ.

ఊపు తక్కువగా ఉందని రెగ్యులేటర్ (వేగం సర్దే మీట) కదిపి వేగం పెంచేవాళ్లున్నారు. జ్వరం వస్తే థర్మామీటరు మార్చినట్టుంటుంది. ఎండిన నూనెకు మందు పూర్తిగా విప్పి, కడిగి, మళ్లీ నూనెలు వెయ్యడమే.

సర్వీసు చేయించుకున్న వారానికే వాచీ గంటకు నిమిషాల లెక్కన ముందుకు పోయి, టిక్కుల చప్పుడు గుర్రం పరుగులా వినిపిస్తే అది వేరే జబ్బు. బ్యాలెన్స్ ఊపు 330 దాటి, బ్యాలెన్స్‌కు ఉండే రోలర్ పిన్ను, అది కదిపే పాలెట్ మీట కొమ్ము వెనక తగులుతోంది. ఆటోమేటిక్ బ్యారెల్ (మెయిన్‌స్ప్రింగ్ ఉండే డబ్బా) గోడకు పెట్టాల్సిన ప్రత్యేకమైన గ్రీజు తప్పుగా పెట్టినా, మెయిన్‌స్ప్రింగ్ అవసరానికి మించి బలమైనది వేసినా ఇలా అవుతుంది. చేసినవాళ్ల దగ్గరికే తిరిగి తీసుకెళ్లాలి.

క్రోనోగ్రాఫ్ తంటాలు

"పెద్ద సెకన్ల ముల్లు కదలడం లేదు" అన్నది కొత్తగా కొన్నవాళ్ల మొదటి ఫిర్యాదు. మధ్యలో ఉన్నది స్టాప్‌వాచ్ ముల్లు. వాచీ సెకన్లు 9 దగ్గరున్న చిన్న డయల్లో తిరుగుతుంటాయి, 7750లోనూ బీ01లోనూ అంతే. మధ్య ముల్లును ఎప్పుడూ నడిపిస్తూ ఉంచితే కీ త్వరగా అయిపోతుంది. అవసరమైనప్పుడే వాడండి.

రీసెట్ నొక్కితే ముల్లు 12 మీద ఆగడం లేదా? అయిదుసార్లు మొదలుపెట్టి, ఆపి, రీసెట్ చెయ్యండి. అయిదుసార్లూ ఒకే చోట, ఉదాహరణకు సరిగ్గా ఒక సెకను పక్కన ఆగితే ముల్లు తన గొట్టం మీద జారింది. తీసి సరైన చోట మళ్లీ నొక్కి పెట్టాలి, పది నిమిషాల పని. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ముల్లు వదులైంది, లేదా సున్నాకు తెచ్చే సుత్తి సరిగా తగలడం లేదు. అప్పుడు మూవ్‌మెంటు బయటికి తియ్యక తప్పదు.

నడుస్తుండగానే రీసెట్ బటన్ బలంగా నొక్కడం మామూలు క్రోనోగ్రాఫును చెడగొట్టే దగ్గరి దారి. ఫ్లైబ్యాక్ ఉన్నవాటిలోనే అది చెయ్యొచ్చు. 1950ల్లో ఫ్రెంచ్ వైమానిక దళం టైప్ 20 వాచీలకు ఫ్లైబ్యాక్ తప్పనిసరి చేసింది ఇందుకే: ఒక మలుపు దాటగానే ఒకే నొక్కుతో ముల్లు సున్నాకొచ్చి మళ్లీ పరుగు అందుకుంటుంది. మీ వాచీ ఫ్లైబ్యాక్ అవునో కాదో పుస్తకంలో చూడకుండా ప్రయోగం చెయ్యకండి.

బటన్లు బిగుసుకుపోతే సాధారణంగా చెమటా మురికే. పొడి మెత్తటి బ్రష్షు, చెక్క టూత్‌పిక్ చాలు. నూనె చుక్కలూ స్ప్రేలూ వద్దు, రబ్బరు రింగులు ఉబ్బుతాయి.

అద్దం లోపల ఆవిరి

ముందు లోపలా బయటా అన్నది చూడండి. విశాఖలో ఏసీ కారు దిగి బీచ్ రోడ్డు మీద నిలబడితే చల్లబడ్డ అద్దం మీద బయటే ఆవిరి పడుతుంది. వేలితో తుడిస్తే పోయింది, సరి. తుడిచినా పోకపోతే లోపల ఉంది.

అనుమానంగా ఉంటే ఇంట్లో పరీక్ష: అరగంట మణికట్టు మీద ఉంచి వెచ్చబడ్డ వాచీ అద్దం మీద చిన్న ఐసుముక్క నిమిషం పాటు పెట్టి, తుడిచి చూడండి. ఆ చోట లోపలి వైపు మచ్చలా ఆవిరి కనిపిస్తే తేమ చేరింది. వర్క్‌షాపుల్లో 40 నుంచి 45 డిగ్రీలకు వేడిచేసిన పలక మీద ఇదే పని చేస్తారు.

కారణాల్లో మొదటిది సరిగా బిగించని స్క్రూ క్రౌన్. బిగించేటప్పుడు ముందు కొంచెం వెనక్కి తిప్పి, మర పట్టుకున్న చిన్న టిక్కు తగిలాక ముందుకు తిప్పాలి. నేరుగా బిగిస్తే అడ్డమర పడుతుంది. రెండోది ఎండిన రబ్బరు రింగులు. మూడోది నావిటైమర్ విషయంలో: బెజెల్ (అద్దం చుట్టూ ఉండే రింగు) తిప్పితే అద్దం కింద ఉన్న స్కేలు తిరుగుతుంది, అలాంటి కట్టడానికి నీటి రక్షణ కష్టం. దాని రేటింగు 30 మీటర్లే. చేతులు కడుక్కోవచ్చు, ఈత కొట్టకూడదు. మార్క్ 20, జీఎంటీ-మాస్టర్ 2 అయితే 100 మీటర్లు.

బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం రెండూ వద్దు. బియ్యం మూసిన కేసులోంచి నీళ్లు లాగలేదు, డ్రయ్యర్ వేడికి ఆవిరి మూవ్‌మెంటంతా పాకుతుంది. సముద్రపు నీరు వెళ్లిందంటే ఆ రోజే విప్పించాలి, ఉక్కు పిన్నులు త్వరగా తుప్పు పడతాయి. సరిచేశాక నీటి ఒత్తిడి పరీక్ష ఒక్కటే చాలదు, శూన్య (వ్యాక్యూమ్) పరీక్ష కూడా చెయ్యమని అడగండి. విమానం క్యాబిన్‌లో ఒత్తిడి నేల మీదికంటే పావు వంతు దాకా తగ్గుతుంది. అద్దం బయటికి నెట్టుకురాకుండా నిలబడుతుందో లేదో ఆ పరీక్షే చెబుతుంది.

తేదీ మధ్యాహ్నం మారుతోంది

పన్నెండు గంటల తేడాతో పెట్టారంతే. క్రౌన్ చివరిదాకా లాగి తేదీ మారేదాకా ముళ్లు ముందుకు తిప్పండి, అది అర్ధరాత్రి. తర్వాత ముళ్లను ఉదయం 6:30కి తెచ్చి, క్రౌన్ మధ్య స్థానంలో నిన్నటి తేదీ పెట్టి, మళ్లీ చివరికి లాగి అర్ధరాత్రి దాటించి ఇప్పటి టైముకు రండి. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్య తేదీని నేరుగా మార్చకూడదు. అప్పటికే గేరు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటుంది, పన్ను విరుగుతుంది.

జీఎంటీ ముల్లు ఇండియా టైము సరిగా చూపడం లేదు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇంటి టైము కోసం జీఎంటీ వాచీ (రెండో చోటి టైము చూపే 24 గంటల ముల్లున్నది) కొన్న మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇది, వాచీ తప్పు కాదు. మన టైము యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) అయిదున్నర గంటలు ముందు. ఆ అరగంటే తంటా. ఇలాంటి వాచీల్లో లోకల్ ముల్లో 24 గంటల ముల్లో గంట గంటకే దూకుతుంది, నిమిషాల ముల్లు ఒక్కటే. వేసవిలో డాలస్‌కూ హైదరాబాదుకూ తేడా 10:30, చలికాలంలో 11:30. కాబట్టి 24 గంటల ముల్లును వేసవిలో 11, చలికాలంలో 12 గంటలు ముందు పెట్టుకుని, చదివేటప్పుడు అరగంట తీసెయ్యండి. జీఎంటీ-మాస్టర్ 2 బెజెల్ 24 క్లిక్కులది, అరగంటకు ఆగదు. కొన్ని కంపెనీల 48 క్లిక్కుల బెజెల్ అయితే అరగంట సరిగ్గా కుదురుతుంది. కొనకముందు షాపులో క్లిక్కులు లెక్కపెట్టుకోండి.

నావిటైమర్ లెక్క తప్పుతోంది

నావిటైమర్ బెజెల్ లెక్కలు చేసే స్లైడ్ రూల్. దాని బయటి స్కేలులోని 10ని లోపలి స్కేలులోని 10కి ఎదురుగా పెట్టండి. చుట్టూ అన్ని గీతలూ కలవాలి. ఒకవైపు కలిసి ఎదుటివైపు కలవకపోతే ముందు మీ కన్ను డయల్‌కు నిటారుగా ఉందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే రింగును అనుమానించండి. ఇప్పుడు ఒక లెక్క: 120 నాట్ల వేగం, అంటే గంటకు 120 నాటికల్ మైళ్లు. బయటి 12ను లోపలి 60 ఎదుట పెడితే, లోపలి 15 నిమిషాలకు ఎదురుగా బయట 30 కనిపిస్తుంది, అంటే 30 నాటికల్ మైళ్లు. 12 అంటే 1.2నా, 12నా, 120నా అన్నది స్కేలు చెప్పదు, అది మీ తల పని. బెజెల్ బిగుసుకుంటే గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి బ్రష్షుతో అంచు చుట్టూ శుభ్రం చెయ్యండి. మురికి పోయినా తిరగకపోతే బలవంతం వద్దు.

చీకట్లో అంకెలు వెలగడం లేదు

ఇప్పటి వాచీల అంకెలకు పూసే సూపర్‌ల్యూమినోవాకు ముందు వెలుతురు తాగించాలి, కోటు చేతి కింద దాగితే వెలగదు. 1940ల నాటి జర్మన్ బీ-ఊర్ పైలట్ వాచీలు, తొలినాటి మార్క్ 11 లాంటి పాతవాటిలో రేడియం ఉంటుంది. వెలుగు చచ్చిపోయినా రేడియం చావలేదు: దాని సగం జీవితకాలం 1,600 ఏళ్లు, పాడైంది పక్కనున్న, అసలు వెలిగే జింక్ సల్ఫైడ్. అలాంటి వాచీ అద్దం ఇంట్లో తియ్యొద్దు, రాలిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

సర్వీసుకిచ్చేటప్పుడు చీటీలో రాయించాల్సినవి

ఆరు భంగిమల్లో టైమ్‌గ్రాఫర్ అంకెలు, ముందువీ తర్వాతవీ, నిండా కీతోనూ 24 గంటల తర్వాతా. రింగులన్నీ కొత్తవి. ఒత్తిడి, శూన్య పరీక్షల ఫలితం. మార్చిన పాత భాగాలు తిరిగివ్వాలి. కేసు పాలిష్ వద్దని పెద్ద అక్షరాల్లో రాయించండి, పైలట్ వాచీ మెరవని అంచులు ఒకసారి అరిగితే మళ్లీ రావు. ముళ్లూ డయలూ అడక్కుండా మార్చొద్దని కూడా రాయించి, వాచీని నాలుగు వైపులా ఫోటో తీసుకుని ఆ తర్వాత చేతికివ్వండి.